ఎనిమిది రోజుల సేవ

*వారం పది రోజుల 'మిషన్ ట్రిప్'తో మేలు ఎవరికి? వచ్చి వెళ్లేవాళ్లకా, వాళ్ల కోసం ఎదురుచూసే ఊరికా?*

2010 జనవరి 29. హైతీ నుంచి డొమినికన్ రిపబ్లిక్‌లోకి దాటే సరిహద్దు దగ్గర ఒక బస్సును పోలీసులు ఆపారు. లోపల 33 మంది పిల్లలు. రెండు నెలల పసికందు నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. వాళ్లతోపాటు పదిమంది అమెరికన్లు. ఎక్కువమంది ఐడహో రాష్ట్రంలోని బాప్టిస్టు సంఘాల సభ్యులు. పదిహేడు రోజుల కిందటే భూకంపం హైతీ రాజధాని పోర్టోప్రిన్స్‌ను నేలమట్టం చేసింది. వీధుల్లో శవాలు, శిథిలాల మధ్య తల్లిని వెతుక్కుంటున్న పిల్లలు... టీవీలో ఇవన్నీ చూసి ఆగలేక వచ్చినవాళ్లే ఈ పదిమందీ. పిల్లలను సరిహద్దు దాటించి, అవతల ఒక ఆశ్రమం పెట్టి పెంచాలన్నది వాళ్ల ఆలోచన. అందుకు హైతీ ప్రభుత్వం నుంచి తీసుకున్న కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

పిల్లలను దగ్గర్లోని ఎస్ఓఎస్ బాలల గ్రామానికి తరలించారు. అక్కడ ఒక చిన్నపిల్ల ఏడుపు ఆపలేదు. తాను అనాథను కాదంది. అమ్మా నాన్నా ఉన్నారంది. అమ్మ తనను ఏదో సెలవుల శిబిరానికి పంపుతోందనుకుందట. తర్వాత విలేకరులు ఊళ్లు తిరిగి చూస్తే అసలు సంగతి బయటపడింది. 33 మందిలో ఒక్కరూ అనాథ కాదు. చాలామందిని తల్లిదండ్రులే తమ చేతులతో బస్సెక్కించారు. ఆ అమెరికన్లు చదువు చెప్పిస్తామన్నారు, ఆటస్థలం ఉంటుందన్నారు, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చన్నారు. ఇల్లు కూలిపోయిన తండ్రికి ఇంకేం కావాలి?

ఆ పదిమందిని జైల్లో పెట్టారు. ఎనిమిది మంది మూడు వారాల్లోపే ఇంటికెళ్లారు. నాయకురాలు లారా సిల్స్‌బీకి మేలో శిక్ష పడింది. అప్పటికే జైల్లో గడిపిన కాలాన్నే శిక్షగా లెక్కగట్టి వదిలేశారు. ఈ కథలో దొంగలను వెతకడం తేలిక. కానీ ఆ బస్సులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగానికి సెలవు పెట్టి, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, ప్రార్థన చేసుకుని బయల్దేరిన మామూలు మనుషులు. ఇలాంటి ప్రయాణాలను తప్పుపట్టాలన్నా, వెనకేసుకు రావాలన్నా ముందు ఇది ఒప్పుకోవాలి. చెడ్డవాళ్లు చేసిన చెడు గురించి అయితే ఇంత చర్చ అక్కర్లేదు.

సంచి సర్దుకుంటే మిషనరీ

ఒకప్పుడు మిషనరీగా వెళ్లడమంటే ఓడెక్కి, అయినవాళ్లకు దాదాపు చివరి వీడ్కోలు చెప్పి వెళ్లడమే. చాలామంది సమాధులు వెళ్లిన చోటే ఉన్నాయి. జెట్ విమానం వచ్చాక లెక్క మారింది. 1957లో జార్జి వెర్వర్ అనే కాలేజీ కుర్రాడు ఇద్దరు స్నేహితులతో కలిసి సువార్త పుస్తకాలు వేసుకుని సెలవుల్లో మెక్సికో వెళ్లాడు. తర్వాతి కాలంలో 'ఆపరేషన్ మొబిలైజేషన్'గా ఎదిగిన సంస్థకు విత్తనం అదే. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ 'యూత్ విత్ ఎ మిషన్' పెట్టాడు. యువతను పెద్దఎత్తున, కొద్దికాలానికి, దేశదేశాలకు పంపడం అతని కల.

ఇప్పుడీ కొద్దికాలపు మిషన్ ట్రిప్ అమెరికా చర్చి క్యాలెండర్‌లో ఈస్టర్, క్రిస్మస్‌ల పక్కన చోటు సంపాదించుకుంది. ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో వేసిన అంచనా ప్రకారం 2005లో దాదాపు 16 లక్షల మంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకు వెళ్లారు. వాళ్లు అక్కడ గడిపిన కాలం మధ్యస్థంగా చూస్తే ఎనిమిది రోజులు. యువజన బృందం కార్లు కడిగి, కేకులు అమ్మి డబ్బు కూడబెడుతుంది. అందరికీ ఒకే రంగు టీషర్టు. వెళ్లిన చోట గోడ కట్టడం, రంగులు వేయడం, పిల్లలకు పాటలూ బైబిలు కథలూ, ఒక వైద్య శిబిరం, చివరి రోజు కొనుగోళ్లు. తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో సాక్ష్యం. వెనక తెర మీద ఫొటోలు.

'టీమ్ వస్తోంది'

మన దగ్గర ఈ మాటకు ఒక సీజనుంది. ఎండలు తగ్గి, మంచు మొదలయ్యాక, ముఖ్యంగా క్రిస్మస్‌కు అటూ ఇటూ, కోస్తా జిల్లాల్లో ఎన్నో మందిరాల్లో ఈ మాట వినిపిస్తుంది. ఒకసారి పాస్టరు గారి ఇంట్లోకి వెళ్లి చూడండి. టీమ్ వస్తోందంటే అమ్మగారికి నిద్ర ఉండదు. బాత్‌రూమ్‌లో వెస్టర్న్ కమోడ్ పెట్టించాలి. ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించాలి. వాటర్ బాటిళ్ల పెట్టెలు ఇంటి మూల పేర్చాలి. కోడికూరలో కారం లేకుండా వేరే గిన్నె, దాని పక్కన అరటిపళ్లు, బ్రెడ్డు, జామ్. ఆ వారం పిల్లలు చాప మీద, అతిథులు మంచం మీద. వచ్చినవాళ్లు ఎంతో ప్రేమగా ఆమె చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెబుతారు. ఆ కమోడ్‌కి అప్పు తెచ్చారన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. అతిథికి అప్పు లెక్క చెప్పడం మన మర్యాద కాదు.

సాయంత్రం కూటం. సంఘస్తులంతా 'వందనాలండీ' అంటూ వరసగా చేతులు కలుపుతారు. వచ్చినాయన ఇంగ్లిషులో ఒక వాక్యం చెబుతాడు, పక్కన తర్జుమా చేసే తమ్ముడు దాన్ని మూడు వాక్యాలు చేస్తాడు. బేస్‌బాల్ ఉదాహరణ వస్తే అది చాకచక్యంగా క్రికెట్‌గా మారిపోతుంది. జనానికి ఆ ఇద్దరి మధ్య పోటీయే సగం వినోదం. పక్క మండలాల నుంచి కూడా ఆటోల్లో వస్తారు. తెల్లవాళ్లు వచ్చారంటే మందిరానికి ఊళ్లో ఒక పరపతి. అది ఆ పాస్టరుకు పంచాయతీ ఆఫీసులోనూ పనికొస్తుంది. దళితవాడ చివర రేకుల షెడ్డులో ఆరాధన జరుపుకునే చిన్న సంఘానికి సముద్రాల అవతల నుంచి తమ పేరు తెలుసుకుని మనుషులు రావడం చిన్న విషయం కాదు. దాన్ని నగరంలో కూర్చుని ఎగతాళి చేయడం తేలికే. ఊళ్లో ఇన్నేళ్లూ తమ గుమ్మం ఎక్కనివాళ్లను చూసినవాళ్లకు, తమ పక్కన కింద కూర్చుని భోంచేసిన పరాయి మనిషి విలువ తెలుసు.

> బాక్సు: కరువులో కాలువ కాంట్రాక్టు
>
> అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1876–78 నాటి మహా కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పనిని కాంట్రాక్టు తీసుకున్నాడు. అతనికి సర్వేపని తెలుసు. ఆకలితో ఉన్న వేలమందికి, ఎక్కువగా మాదిగ కుటుంబాలకు, అక్కడ కూలి దొరికింది. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.
>
> గుంటూరుకు 1883లో వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ అక్కడే ఆసుపత్రి కట్టి, 1930లో చనిపోయేదాకా ఆ ఊరితోనే ఉంది. ఈనాటికీ జనం దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు.

ముప్పై వేల డాలర్ల గోడలు

1998 అక్టోబరు చివర్లో మిచ్ తుపాను మధ్య అమెరికాను ముంచెత్తింది. హోండురస్‌లో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఉత్తర అమెరికా చర్చిల నుంచి బృందాలు వరసకట్టి వచ్చి ఇళ్లు కట్టాయి. కాల్విన్ కాలేజీ అధ్యాపకుడు కర్ట్ వెర్ బీక్ ఏళ్ల తరబడి హోండురస్‌లోనే కాపురం ఉంటున్న క్రైస్తవుడు. బయటి నుంచి రాయి వేసే మనిషి కాడు. అతను రెండు రకాల ఇళ్లను పోల్చాడు. విదేశీ బృందాలు వచ్చి కట్టినవి కొన్ని, స్థానిక సంస్థలు హోండురస్ మేస్త్రీలతో కట్టించినవి కొన్ని. ఇంట్లో ఉన్నవాళ్ల జీవితంలో, వాళ్ల విశ్వాసంలో, ఊరి బాగులో ఏమైనా తేడా వచ్చిందా? రాలేదు. ఖర్చులో మాత్రం వచ్చింది. బృందం ప్రయాణ ఖర్చులు కలిపితే ఒక ఇంటికి దాదాపు 30 వేల డాలర్లు. స్థానికులకు అలాంటి ఇల్లే సుమారు 2 వేలల్లో తేలిపోయింది.

ఇళ్లు అందుకున్నవాళ్లు అతిథుల మీద ఫిర్యాదు చేయలేదు. వాళ్లు రావడం సంతోషమే అన్నారు. కానీ ఆ టికెట్ డబ్బు పంపి ఉంటే ఇంకెన్ని ఇళ్లు లేచేవో, పనిలేక కూర్చున్న తమ మేస్త్రీలకు ఎన్ని రోజుల కూలి దొరికేదో కూడా చెప్పారు. సున్నం కలపడం అప్పుడే నేర్చుకుంటున్న పదహారేళ్ల పిల్లవాడికి తాపీ ఇచ్చి, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ పక్కన నిలబడి చూడటం ఎలాంటి సేవ?

దీనికి చర్చిల వాళ్లు చెప్పే సమాధానంలో బలం ఉంది. ఆ 30 వేల డాలర్లు ఎక్కడో సిద్ధంగా పడి ఉన్న డబ్బు కాదు. మనవడు వెళ్తున్నాడంటే అమ్మమ్మ చెక్కు రాస్తుంది. ముక్కూ ముఖం తెలియని మేస్త్రీ కోసం రాయదు. పైగా వెళ్లొచ్చిన పిల్లలు జీవితాంతం దాతలవుతారు, కొందరు పూర్తికాల మిషనరీలవుతారు అంటారు. మొదటి మాట నిజం. రెండోది అందరూ చెప్పుకున్నంత నిజం కాదు. వెళ్లొచ్చినవాళ్లను అడిగితే చాలామంది తమ దానాలు పెరిగాయన్నారు. వెర్ బీక్ చందా ఖాతాలు తిరగేసి చూస్తే ఆ పెరుగుదల చాలా స్వల్పం. కొన్ని నెలల పాటు ఉండే కదలిక నిజమైనదే. వెళ్లొచ్చాక దాన్ని పట్టి నిలిపేవాళ్లు లేకపోతే అది మామూలు జీవితంలో కలిసిపోతుంది.

> బాక్సు: ఒకే వేసవి, ఆరు పూతలు
>
> మెక్సికోలో ఒక చర్చికి ఒకే వేసవిలో ఆరు బృందాలు వచ్చి ఆరుసార్లు రంగులేశాయని 2008లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. బ్రెజిల్‌లో ఒక అనాథాశ్రమం పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకునే స్థలంలో అతిథులు గోడ కట్టారు. వాళ్లు వెళ్లిపోయాక కూల్చేశారు. 'వద్దు' అనడానికి ఇలాంటి ఆశ్రమాలకు, చర్చిలకు నోరు రాదు. గోడతోపాటు వచ్చే చందా కూడా పోతుందన్న భయం.

అనాథలను తయారుచేసే ఆశ్రమాలు

గోడ అయితే కూల్చొచ్చు. పసిపిల్లల విషయంలో అలా కుదరదు.

మిషన్ ట్రిప్ ఫొటోల్లో తప్పనిసరి ఫొటో ఒకటుంటుంది. అతిథి ఒడిలో చిన్న పిల్ల, మెడ చుట్టూ చేతులు. ఆ పిల్ల కొత్త మనిషి మీదికి అలా ఎగబాకడం చూసి 'ఎంత ప్రేమగా ఉంటారో' అని మురిసిపోతారు. పిల్లల మానసిక వైద్యులకు అది ప్రేమ లక్షణం కాదు, దెబ్బ లక్షణం. నిలకడగా ఒక మనిషి దొరకని పిల్లలే ఎవరొస్తే వాళ్లను అల్లుకుంటారు. వారానికొక అక్క వచ్చి, ఎత్తుకుని, శనివారం విమానం ఎక్కిపోతే, ఆ పిల్లకు ప్రతి వారం ఒక తల్లి పోయినట్టే.

కాంబోడియా ఇందులో అందరికీ పాఠమైంది. 2005–2010 మధ్య అక్కడ అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అంతమంది తల్లిదండ్రులు చచ్చిపోయే యుద్ధమేదీ ఆ అయిదేళ్లలో జరగలేదు. పెరిగింది పర్యాటకులు, స్వచ్ఛంద సేవకులు. యూనిసెఫ్ లెక్కల్లో ఆ ఆశ్రమాల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉన్నారు. చదువు, తిండి ఆశ చూపి పల్లెల నుంచి తెచ్చినవాళ్లే ఎక్కువ. పిల్లలు పర్యాటక ఆకర్షణలు కాదంటూ ఆ దేశంలో పోస్టర్లు అంటించాల్సి వచ్చింది. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు అనాథాశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని కూడా ఆస్ట్రేలియా ఆ నేరాల్లో ఒకటిగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తీర్మానంలోనూ అనాథాశ్రమ పర్యాటకం ప్రస్తావన వచ్చింది.

మన జిల్లాల్లో 'హోమ్' పేరుతో నడిచే చోట్లన్నీ ఇలాంటివే అనడం అన్యాయం. మిషన్ హాస్టళ్లలో తిని చదువుకుని టీచర్లు, నర్సులు, కలెక్టర్లు అయినవాళ్లు తెలుగు నేలలో ఎంతోమంది. కానీ హాస్టల్ వేరు, అనాథాశ్రమం వేరు. వేసవి సెలవులకు ఇంటికెళ్లే పిల్లవాడిని అమెరికా నుంచి టీమ్ వచ్చిన వారం మాత్రం 'అనాథ'గా నిలబెడితే, ఆ అబద్ధాన్ని మోయాల్సింది ఆ పిల్లవాడే. తండ్రి బతికుండగా లేడని చెప్పమంటే ఎనిమిదేళ్లవాడు ఏమని చెప్పుకుంటాడు?

మందుల సంచి, మత్తు సూది

ఉగాండాలోని జింజా పట్నం కథ 2023లో హెచ్‌బీఓ డాక్యుమెంటరీగా వచ్చాక మళ్లీ చర్చకెక్కింది. వర్జీనియాకు చెందిన రెనే బాక్ టీనేజీలో అక్కడి అనాథాశ్రమంలో సేవకు వెళ్లింది. తిరిగొచ్చి, దేవుడు పిలిచాడని మళ్లీ వెళ్లి, ఆకలితో చిక్కిపోయిన పిల్లల కోసం సొంతంగా కేంద్రం పెట్టింది. ఆమెకు వైద్యవిద్య లేదు. 2010–15 మధ్య ఆ కేంద్రంలో చేరిన సుమారు 940 మంది పిల్లల్లో 105 మంది చనిపోయారు. తాను డాక్టరునని ఎన్నడూ చెప్పుకోలేదనీ, ఉగాండా వైద్య సిబ్బంది పక్కన సాయం మాత్రమే చేశాననీ ఆమె వాదన. ఇద్దరు తల్లులు దావా వేశారు. 2020లో తప్పు ఒప్పుకోకుండానే పరిహారంతో రాజీ కుదిరింది. అలాంటి పిల్లకు వర్జీనియాలో ఒక సూది వేయడానికైనా ఆమెను ఎవరూ అనుమతించేవారు కాదు. తనవాళ్ల బిడ్డ మీద చేయనిదాన్ని పరాయి బిడ్డ మీద చేయొచ్చని ఎవరు నేర్పారు?

కాలం తక్కువ కావడమే తప్పనుకుంటే మాత్రం పొరపాటు. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ సంస్థ ఆసుపత్రి ఓడలను చూడండి. ఆఫ్రికాలో ఒక రేవులో ఓడ నెలల తరబడి లంగరు వేసి ఉంటుంది. సర్జన్లు, నర్సులు, మత్తు డాక్టర్లు తమ ఖర్చుతో రెండేసి వారాలకు వచ్చి పోతుంటారు. గ్రహణపు మొర్రి, కంటి శుక్లం, ముఖం మీద పెరిగిన కణితికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లే మనిషికి సర్జన్ ఎన్ని రోజులున్నాడన్నది పట్టింపు కాదు. రోగిని ముందే ఎంచి, కోత తర్వాత కట్టు మార్చి, స్థానిక డాక్టర్లకు శిక్షణ ఇచ్చే వ్యవస్థ ఓడలో నిలిచి ఉంది. ఆ దేశ ప్రభుత్వం పిలిస్తేనే ఓడ వస్తుంది. వచ్చేవాడికి అర్హత ఉంది, మిగిలేవాళ్లకు బాధ్యత ఉంది. ఈ రెండూ ఉన్నచోట రెండు వారాలు చాలు.

విమానం ఎక్కాక

2018 నవంబరులో జాన్ అలెన్ చావ్ అనే 26 ఏళ్ల అమెరికన్ అండమాన్‌లోని ఉత్తర సెంటినల్ దీవికి సువార్త చెప్పాలని వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ప్రపంచమంతా అతని గురించే మాట్లాడింది. అతన్ని పడవలో చేర్చిన జాలర్లతో సహా ఏడుగురిని పోలీసులు అరెస్టు చేశారన్నది మూడో పేరాలో వచ్చిన వార్త. అతను వాళ్లకిచ్చింది 25 వేల రూపాయలు.

ఇక్కడి చిన్న పాస్టర్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మూడో పేరానే. భారత వీసా నిబంధనల్లో విదేశీయులు మందిరానికి రావచ్చు, ప్రసంగం వినవచ్చు. పర్యాటక వీసా మీద వచ్చి వేదికెక్కి బోధించడం, కరపత్రాలు పంచడం కుదరదు. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా బయటి డబ్బు తీసుకోవడం నేరం. 2020 సవరణ తర్వాత ఆ విరాళం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. 'బోరు వేయించండి' అని కవరులో పెట్టి ఇచ్చిన డాలర్లు ఇచ్చినవాడికి ఒక మధురమైన జ్ఞాపకం. కేసైతే అతను విమానంలో వెళ్లిపోతాడు. స్టేషన్ చుట్టూ తిరిగేది పాస్టరు గారు, తర్జుమా చేసిన తమ్ముడు, షామియానా వేసినవాడు. అప్పటిదాకా పక్కవాళ్లతో సామరస్యంగా ఉన్న సంఘం మీద ఊళ్లో 'డాలర్ల మతం' అన్న ముద్ర మరింత గట్టిగా పడుతుంది.

చూడ్డానికి రండి

1968 ఏప్రిల్‌లో ఇవాన్ ఇలిచ్ అనే కేథలిక్ మతాచార్యుడు మెక్సికోకు సేవకు వెళ్లే అమెరికన్ విద్యార్థుల ముందు నిలబడి, మీరు సాయం చేయడానికి రావద్దన్నాడు. చూడ్డానికి రండి, కొండలెక్కండి, పువ్వులు చూసి ఆనందించండి, చదువుకోండి, సేవ మాత్రం వద్దన్నాడు. అంతకు 58 ఏళ్ల ముందు, 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఇంతకంటే లోతైన మాట చెప్పాడు. తిరునల్వేలి నుంచి తెలుగు నేలకు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, దోర్నకల్‌లో పనిచేసిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. మిషనరీల త్యాగాన్ని అతను తక్కువ చేయలేదు. అన్నీ ఇచ్చిన మీరు మమ్మల్ని సాటి మనుషులుగా చూసి స్నేహం చేయడం మాత్రం మర్చిపోయారన్నది అతని ఫిర్యాదు. ఏళ్ల తరబడి ఉన్న దొరలను ఉద్దేశించి అన్నాడది. అంటే ఎక్కువకాలం ఉండటం ఒక్కటే అన్నిటికీ మందు కాదు.

ఇలిచ్ మాటను ఇప్పుడు వినాల్సింది తెల్లవాళ్లే కాదు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగు సంఘాల పిల్లలు కూడా ఇలాంటి టీములుగా వస్తున్నారు. వాళ్లకు ఒక వరం ఉంది. భాష సగమైనా వచ్చు, ఆ ఊళ్లో అమ్మమ్మో మేనమామో ఉన్నారు, వచ్చే ఏడూ రాగలరు. అలాంటప్పుడు 'పరిచర్య' అన్న పెద్ద పేరెందుకు? నేర్చుకునే ప్రయాణం అని పిలిస్తే నామోషీ ఏమీ లేదు. పాస్టరు గారి పిల్లల పక్కన చాప మీద పడుకోండి. ఖర్చులు ముందే పంపండి, అమ్మగారితో అప్పు చేయించకండి. గోడ కట్టాలంటే ఆ ఊరి మేస్త్రీకే కూలివ్వండి, మీరు ఇటుకలందించండి. డాక్టరైతే ఇక్కడి ఆసుపత్రి ద్వారా, ఇక్కడి డాక్టరు పిలిస్తే, ఆ రోగులను రేపు చూసేవాళ్లెవరో తెలుసుకుని రండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ రచయితకు రెండో అభిప్రాయం లేదు. పిల్లల ఆశ్రమాలను పర్యటనలోంచి పూర్తిగా తీసేయండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చందా ఇచ్చేముందు ఆ పత్రం చూపించమని అడగండి. ఎంతమంది పిల్లలను ఈ ఏడాది తిరిగి అమ్మానాన్నల దగ్గరికి పంపారో కూడా అడగండి. పత్రం లేదన్నా, అడిగినందుకు చిన్నబుచ్చుకున్నా, ఫొటో తీసుకోకుండా బయటికొచ్చి 1098కి ఫోను చేయండి.